ఖాళీగా వచ్చిన షీటు

వారానికి ప్లాను వేయడం నాకు వచ్చినంత బాగా ఈ హోసూరులో ఇంకెవరికీ రాదని ఒకప్పుడు నా గట్టి నమ్మకం. నవ్వకండి. బండ్లకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ ప్లానింగ్‌లో కూర్చున్నవాణ్ణి. ఏ మిషను మీద ఏ పూట ఏ పని నడవాలో, ఏ షిఫ్టు ఎన్ని పీసులు తీయాలో సోమవారం పొద్దున్నే కాగితం మీద పెట్టేసేవాణ్ణి. రిటైరైన రోజు శాలువా కప్పి గోడగడియారం ఇచ్చారు. ముప్పై ఏళ్ళు గడియారం చూసి అందరినీ తరిమినవాడికి మళ్ళీ గడియారమా అని మా ఆవిడ రెండు రోజులు నవ్వింది.

స్కూళ్ళలో కొత్తగా చేరి టైంటేబుళ్ళు రాస్తున్న పిల్లలు మీలో చాలామంది ఉన్నారని తెలుసు. ఫ్యాక్టరీలో నేను సాధించినవి మీకు పనికి రావు. రిటైరయ్యాక చేసిన రెండో ఉద్యోగంలో ఒక తప్పు చేశాను. అది పనికొస్తుంది. వినండి.

మా సంఘం వాళ్ళు ఒక చిన్న స్కూలు నడుపుతున్నారు. పాతకాలపు క్రైస్తవ పద్ధతి అది. చిన్న క్లాసుల్లో కంఠస్థం, చూచిరాత, విన్న కథను తిరిగి సొంత మాటల్లో చెప్పడం. పెద్దయ్యాక తర్కం, ఆ తర్వాత నలుగురిలో మాట్లాడే నేర్పు. కొంచెం లాటిన్ కూడా. ఇందులో విశేషం ఏమిటంటే, పిల్లలు వారమంతా బడికి రారు. సోమ, బుధ, శుక్రవారాలు బడి. మంగళ, గురువారాలు ఇంట్లో తల్లో తండ్రో కూర్చోబెట్టి అదే పాఠాన్ని ముందుకు నడపాలి. కథ మాత్రం ఇంటి భాషలోనే చదవాలి. తెలుగువాళ్ళకు తెలుగు, తమిళులకు తమిళం. బడి సగం, ఇల్లు సగం అన్నమాట. ఈ రెండు సగాలూ అతకడం లేదని, ఇంటి రోజుల్లో ఎవరు ఏం చేస్తున్నారో అంతుపట్టడం లేదని అయ్యగారు ఒకరోజు నన్ను పిలిచారు. అయ్యగారంటే మా పాస్టరుగారు. స్కూలుకు పెద్ద దిక్కు కూడా ఆయనే.

"మీకు ప్లానింగ్ తెలుసు కదండీ, ఇది కూడా కాస్త చూడండి" అన్నారు.

కాస్త ఏమిటి, పూర్తిగా చూసేశాను. నాలుగు రోజులు కూర్చుని ఒక షీటు తయారుచేశాను. సోమవారం బళ్ళో మొదలైన పని మంగళవారం ఇంట్లో ఎక్కడ ఎత్తుకోవాలి, బుధవారానికి ఎంతవరకు రావాలి, అన్నీ అందులోనే. ఇంటి రోజుకు ఏడు పనులు, ఒక్కొక్క పనికి నిముషాలు. ప్రార్థన ఐదు, బైబిల్లోంచి కంఠత వాక్యం పది, చూచిరాత పదిహేను, కథ చదివి తిరిగి చెప్పించడం ఇరవై, లెక్కలు ఇరవై, లాటిన్ పది, పాట ఐదు. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే పది లోపల ముగిసిపోవాలి. ప్రతి పని పక్కనా ఒక గడి. చేస్తే టిక్కు పెట్టాలి. అడుగున సంతకం. వచ్చే సోమవారం బళ్ళో ఇవ్వాలి. షీటు పైభాగాన ఆ వారపు సద్గుణం ఒకటి రాసేవాణ్ణి, ఓర్పు, కృతజ్ఞత, అట్లాంటివి.

ఇంకొకటి కూడా నేనే రాశాను. వరసగా నాలుగు వారాలు సగం కన్నా తక్కువ టిక్కులు వస్తే, ఆ ఇంటికి ఈ పద్ధతి సరిపడదని లెటరు ఇచ్చి, పిల్లను వేరే బడికి మార్చుకోమనాలి. కమిటీలో అందరూ తల ఊపారు.

మూడో తరగతి టీచరమ్మ ఒక్కతే ఊపలేదు. ధర్మపురి వైపు తమిళ పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం, రాయడం రాదు. "సార్, వీట్ల ఇది అంతా ఒకటిన్నర గంటలో అవుతుందా?" అని అడిగింది. వీట్ల అంటే ఇంట్లో. నేను నవ్వి, "కొత్తలో అందరికీ అట్లాగే అనిపిస్తుందమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం మాట్లాడింది. ఆ అనుభవంలో మూడో క్లాసు పిల్ల ఒక్కతీ లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

షీట్లు రావడం మొదలైంది. నేను వాటిని చూసేవాణ్ణి కాదు. టీచర్లు టిక్కులు లెక్కపెట్టి నాకు ఫోనులో నంబరు పంపేవాళ్ళు, నేను కంప్యూటర్లో ఎక్కించుకునేవాణ్ణి. ఫ్యాక్టరీలో అయితే లైను మీదికి పోకుండా ఒక్క నంబరు నమ్మేవాణ్ణి కాదు. ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని నమ్మాను. మొదటి వారమే దాదాపు అన్ని ఇళ్ళూ నూటికి నూరు. రెండో వారం ఇంకా బాగా. అయ్యగారు ప్రసంగంలో కూడా ఒక మాట చెప్పారు, మన తల్లిదండ్రులు ఎంత శ్రద్ధగా చేస్తున్నారో చూడండి అని. నేను ముందు వరసలో కూర్చుని మీసం దువ్వుకున్నాను.

ఒక్క ఇల్లు మాత్రం మొండికేసింది. ఉద్దనపల్లి పక్కన పొలం ఉన్న కుటుంబం. చామంతి పూల తోట, కొన్ని గొర్రెలు. వాళ్ళు మా సంఘం వాళ్ళు కూడా కారు. బళ్ళో మాట తీరు, చదువు నచ్చి పాపను చేర్చారు. మూడో తరగతి. ప్రతివారం ఏడింటిలో మూడు టిక్కులు, ఒక్కో వారం రెండు. టీచరమ్మ నంబరు పంపుతూ ఒకసారి, "షీటు వెనక ఏమో తెలుగులో రాసి ఉండాది సార్, చూస్తారా?" అని కూడా అడిగింది. ముందు వైపు చాలమ్మా అన్నాను. కమిటీలో ఒక పెద్దాయన, "వాళ్ళు మనవాళ్ళు కాదు కదా, వాక్యం ఇంట్లో ఏం చెప్పిస్తారు లెండి" అన్నాడు. అది తప్పు మాటని నాకు తోచింది. అయినా నోరు మెదపలేదు. నంబరు కూడా అదే చెబుతోంది కదా అనుకున్నాను.

నాలుగు వారాలు నిండాయి. శుక్రవారం లెటరు మీద సంతకం పెట్టాను. టీచరమ్మ దాన్ని పాప బ్యాగులో పెట్టి పంపింది.

ఆదివారం తెలుగు ఆరాధన ముగిసింది. ఎవరైనా మా ఇల్లుండే బస్తీ వైపు పోయేవాళ్ళుంటే బండెక్కుదామని చర్చి పక్కన బైకులు పెట్టే చోటికి పోయాను. అక్కడ అయిదారుగురు తండ్రులు ఒక బైకు సీటు చుట్టూ మూగి ఉన్నారు. ఏదో బండి రిపేరు అనుకున్నాను. దగ్గరికి పోతే సీటు మీద షీట్లు. నా షీట్లు. మధ్యలో కూర్చుని చకచకా టిక్కులు పెడుతున్నవాడు నాకు బాగా తెలిసినవాడు. కడప నుంచి ఇక్కడికి ట్రైనీగా వచ్చినప్పుడు నా కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి. వాడి కొడుకు కూడా మూడో తరగతే. వాడి చేతిలో రెండు పెన్నులున్నాయి. మంగళవారం గడులకు నీలం, గురువారం గడులకు నలుపు.

"ఏమప్పా ఇది?" అన్నాను.

"వందనాలు సార్. షీటు. రేపు ఇయ్యాల కదా."

"ఇంట్లో చేసినవాటికేనా ఈ టిక్కులన్నీ?"

వాడేమీ తడబడలేదు. "కొన్ని చేసినాము సార్. కొన్ని... మీకు తెలియంది ఏముంది! పోయిన వారం నాది సి షిఫ్టు. పొద్దున ఏడుకు వచ్చి పండుకుంటే రెండుకు లేస్తాను. మా ఆడమనిషి కంపెనీ బస్సు ఏడున్నరకే. ఇంక ఎనిమిదిన్నరకు వాక్యం ఎవరు చెప్పించేది?"

"అయితే ఆ గడులు ఖాళీగా వదిలేయచ్చు కదా?"

వాడు నా మొహం వంక చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఖాళీగానా? సార్, నేను ట్రైనీగా ఉన్నప్పుడు మిషను చెక్‌షీట్‌లో ఒక్క గడి ఖాళీగా పెట్టినానని అందరి ముందర నిలబెట్టి వాయించినారే. ఖాళీ గడి ఉంటే ఆడిటరు కన్ను నేరుగా దానిమీదే పడతాది, ఏదో ఒకటి రాసి సావు అన్నారు. మర్చిపోయినారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ముగ్గురు నా దగ్గర పనిచేసినవాళ్ళే. వాళ్ళెవరికీ మోసం చేస్తున్నామన్న ఊహ కూడా లేదు. ఆడిట్ ముందర చెక్‌షీటు నింపినట్టే ఇదీ నింపారు, నేను మెచ్చుకుంటానని. ఎవరి బండీ ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటికి పోయాను. దారి పొడుగునా నాకు ఒకటే కనబడుతోంది. ఉన్న షీట్లన్నిటిలో నిజం ఉన్నది ఒక్కదానిలోనే, దానికే నేను లెటరు ఇచ్చాను.

సోమవారం అందరికన్నా ముందు బడికి పోయి టీచరమ్మను ఆ పాప షీట్లు అడిగాను. బీరువాలోంచి తీసి ఇచ్చింది. "పాప ఈరోజు రాలేదు సార్" అంది. ఆ షీట్లను టేబులు మీద పెట్టేటప్పుడు వెనక వైపు పైకి పెట్టింది.

గుండ్రటి అక్షరాలు. పాప తల్లి రాసినవి. ఈ చుట్టుపక్కల పాత తెలుగు బళ్ళలో చదువుకున్నవాళ్ళ రాత అట్లాగే ఉంటుంది. వారం వారం రాసింది.

"మంగళవారం. పూలు కోసి వచ్చేకి పది అయింది. వాక్యం తప్పు లేకుండా చెప్పింది. చూచిరాత సగం. లాటిన్ పాఠం ఫోనులో ఉంది, ఫోను పాప నాయన మార్కెట్టుకు తీసుకొని పోయినాడు."

"గురువారం. కథ చదివినాను. మూడు మాటలు నాకు అర్థం కాలేదు. కింద గీత పెట్టినాను, టీచరమ్మ చెప్పాలి. తిరిగి చెప్పమంటే పాప బాగా చెప్పింది. గోడ పడిపోయిన కాడ ఏడ్చింది."

"లెక్కలు ఇరవై నిముషాలు అని వేసినారు. మాకు గంట పట్టింది. మేము నిదానమా, మీ లెక్క తప్పా? తెలిస్తే చెప్పండి."

ఈ చివరిది రెండో వారం రాసింది. మూడో వారం మళ్ళీ అడిగింది. నాలుగో వారం అడగలేదు. ఆ వారం షీటు పైన నా చేత్తో నేనే రాసిన సద్గుణం ఉంది, నిజం పలకడం అని. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకన్నా మర్యాదగా ఎట్లా చెప్పాలో నాకు తెలియదు.

మంగళవారం రాయకోట బస్సెక్కి ఉద్దనపల్లిలో దిగి, అడుగుతూ పోయాను. ఇంటి ముందు ఆ తల్లి పూలబుట్టలు కడిగి బోర్లిస్తోంది. పాప అరుగు మీద కూర్చుని పలక మీద ఏదో గీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి సార్. కుర్చీ ఏయి పాపా" అంది తల్లి. అని, నా చేతిలోని కాగితాలు చూసి, "ఇంకా ఏమన్నా లెటరు ఇయ్యాల్సింది ఉండాదా?" అని అడిగింది.

"లేదమ్మా. తప్పు జరిగింది. నేనే చేశాను. లెటరు వెనక్కి తీసుకుందామని వచ్చాను."

"దాన్ని తీసుకునేది మళ్ళీ చూద్దాము. మీ షీటు తెచ్చినారా?"

ఉంది. ఆ వారం షీటు నా సంచిలోనే ఉంది.

"ఈ రోజు మంగళారమే. ఈడ కూర్చోని మీరే చెప్పండి సార్, మీరు ఏసిన నిముషాల్లో. నాకు తెలియాల. నేను నిదానమా, మీ లెక్క తప్పా అని ఎన్నిసార్లు రాసినా ఒక్కరూ జవాబు చెప్పలేదు."

కాదనడానికి నాకు మొహం ఎక్కడుంది? కూర్చున్నాను. ప్రార్థన, వాక్యం బాగానే నడిచాయి, పదిహేను నిముషాలు. ఫరవాలేదే అనుకుని చేతి గడియారం చూసుకున్నాను. చూచిరాతలో మొదలైంది. పాప ఒక్కొక్క అక్షరం ముద్దుగా రాస్తుంది, తొందరపెడితే బిగుసుకుపోతుంది. మధ్యలో పెన్సిలు ముక్కు విరిగింది. చెక్కేది దొరకలేదు. కత్తిపీటతో వాళ్ళమ్మ చెక్కి ఇచ్చింది. అంతలో రెండు గొర్రెలు తోటలో పడ్డాయి, పాప లేచి పరుగెత్తింది. తిరిగి రావడానికి పది నిముషాలు. చూచిరాత ముగిసేసరికి నలభై నిముషాలు. కథ చదివాను. "ప్రాకారము అంటే ఏమి సార్?" అంది పాప. చెప్పాను. "మరి గోడ అని రాయొచ్చు కదా?" అంది. రాయొచ్చు. లెక్కలు సరిగ్గా గంట. లాటిన్ దగ్గర నేనే ఆగిపోయాను. వారం వారం పది నిముషాలు అని వేసేవాణ్ణి గానీ, అందులో ఒక్క మాట ఎట్లా పలకాలో నాకే తెలియదు. పాప నాకు నేర్పింది. "అట్లా కాదు సార్, టీచరమ్మ ఇట్లా చెప్పింది" అంటూ నా నోరు తిప్పించింది. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నాకు కనిపించింది.

ఒంటిగంటయింది. రాగిముద్ద, ఆకుకూర పులుసు పెట్టింది. చేయి కడుక్కున్నాక షీటు నా ముందు పెట్టి, "టిక్కు పెట్టుకోండి సార్, ఎన్నికైతే అన్నిటికి" అంది.

నిజం చెప్పాలంటే, పూర్తిగా అయినవి నాలుగు. లాటిన్ సగం. పాట మొదలే కాలేదు. కథను తిరిగి చెప్పించడం మర్చేపోయాను. ముప్పై ఏళ్ళ ప్లానింగు వాణ్ణి, రోజంతా ఇంకో పని లేకుండా కూర్చున్నవాణ్ణి, ఆమెకన్నా ఒక్క టిక్కు ఎక్కువ సంపాదించాను.

"మీరు నిదానం కాదమ్మా. నా లెక్క తప్పు" అన్నాను.

అప్పుడు పాప అడిగింది. వాళ్ళమ్మ వెనక నిలబడి, నా మొహం చూడకుండా. "సార్, మా అమ్మ అన్నిటికీ టిక్కు పెట్టి ఇచ్చుంటే నేను స్కూల్లోనే ఉండేదాన్నా?"

పిల్లకు ఏదో ఒకటి సర్ది చెప్పవచ్చు. ఫ్యాక్టరీలో ఆడిటర్లకు ఎన్ని సర్ది చెప్పలేదు! కానీ ఆ అడిగిన తీరు చూశాక సర్ది చెప్పాలనిపించలేదు. "ఉండేదానివమ్మా" అన్నాను.

పాప వాళ్ళమ్మ వంక చూసింది. తల్లి పాప తల నిమిరింది. తర్వాత నాతో, "లెటరు తీసుకొని పోండి సార్. కానీ పాపను ఇప్పుడే పంపను" అంది.

"ఎందుకమ్మా? రేపు కమిటీలో నేనే చెబుతాను, అందరి ముందరా."

"మీరు చెప్తారు, వాళ్ళు సరే అంటారు. మళ్ళీ సోమవారం అందరివీ నిండుగా వస్తాయి, మాది ఖాళీగా వస్తాది. మళ్ళీ మా పాపే కదా అందరి కంట్లో పడేది? మా మాదిరి ఇంకొకరు, ఒక్కరంటే ఒక్కరు, నిజం రాసినంక చెప్పండి. అప్పుడు పంపుతాను. అరపరీక్షల దాకా చూస్తాను. ఆ పైన ఈ ఊరి బళ్ళోనే చేరుస్తాను. ఆడ హెడ్‌మాస్టరు ఇప్పటికే అడగతా ఉండాడు."

నేను వాదించలేదు. ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతికాను, బస్సులో కూడా వెతికాను, దొరకలేదు. అరపరీక్షలకు, అంటే అర్ధసంవత్సరం పరీక్షలకు, ఇంకా అయిదు వారాలున్నాయి.

కమిటీలో అంతా చెప్పాను. రెండు రంగుల పెన్నుల సంగతి, ఖాళీ గడి పాఠం ఎవరు నేర్పారన్న సంగతి, నా నాలుగు టిక్కుల సంగతి. మనవాళ్ళు కాదు కదా అన్న పెద్దాయన ఈసారి, "అబద్ధం టిక్కు పెట్టినవాళ్ళందరినీ పిలిచి నిలదీయాలి" అని లేచాడు. "ముందు నన్ను నిలదీయండి. ఆ వెనక వైపు రాత చదవనిది నేను, పోయిన సారి మీ మాటకు నోరు మూసుకున్నది కూడా నేనే" అన్నాను. "నేను ప్రసంగంలో పొగిడానే" అన్నారు అయ్యగారు, పాపం. లెటరు రద్దయింది.

కొత్త షీటు నేను రాయలేదు. టీచరమ్మ రాసింది. నిముషాలు లేవు, గడులు లేవు, సంతకం లేదు. ఇంటి రోజుకు మూడే పనులు. వాక్యం, కథ, చూచిరాత. లెక్కలు, లాటిన్ మొత్తం బడి రోజుల్లోకి లాక్కుంది. కింద ఒకే ప్రశ్న, తెలుగులో (అది ఆమె చెబితే నేను రాసిపెట్టాను), తమిళంలో, కన్నడంలో. ఈ వారం ఏది కుదరలేదు, ఎందుకు? మధ్యాహ్నం ఎవరు లేస్తారో, రాత్రి ఎవరు ఇంట్లో ఉంటారో వాళ్ళే చూసుకుని, ఏ పూటైనా చేసుకోవచ్చు. పావుగంటలో ముగించింది. నేను నాలుగు రోజులు కూర్చున్న పని.

ఆదివారం ప్రకటనల సమయంలో నేను లేచి నిలబడి, ఫ్యాక్టరీలో నేను నేర్పింది తప్పు, చేయనిది చేయలేదని రాయండి, ఎవరికీ లెటరు రాదు అని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒకరిద్దరు ఆమేన్ కూడా అన్నారు.

ఆ పై వారం సోమవారం కొత్త షీట్లు నిండి వచ్చాయి. ఈసారి ఒక్కొక్కటీ నేనే చదివాను, రెండు వైపులా. "అన్నీ కుదిరినాయి." "అన్నీ కుదిరినాయి సార్." "అంతా బాగా జరిగినది." ఒకాయనైతే, "దేవుని కృప వలన సమస్తమూ పూర్తి అయినది" అని రాశాడు. చదివి వినిపిస్తే టీచరమ్మ ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. రెండో వారమూ అంతే. మూడో వారమూ అంతే. ఎవరినైనా పక్కకు పిలిచి, కాస్త ఖాళీగా రాయవయ్యా, ఒక పాప సీటు దీనిమీద ఉంది అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ నేను చెప్పి రాయించుకున్నది నిజం ఎట్లా అవుతుంది? ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని. ఇంట్లో అన్నం సయించేది కాదు. మా ఆవిడ, "ఫ్యాక్టరీలో లైను ఆగిపోయినప్పుడు కూడా ఇట్లా లేరే" అంది.

నాలుగో సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే గేటు దగ్గర బైకు ఆగింది. షిఫ్టు ఇన్‌ఛార్జి. కంపెనీ చొక్కా కూడా మార్చలేదు, నేరుగా సి షిఫ్టు నుంచి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొడుకును లోపలికి పంపి, షీటు మాత్రం వాడి చేతికి ఇవ్వకుండా తనే తెచ్చి నాకిచ్చాడు.

"మంగళవారం ఏమీ చేయలేదు. నేను నిద్ర పోయినాను. గురువారం వాక్యం చెప్పిచ్చినాను. మధ్యలో నాకే మర్చిపోయింది, వాడే అందిచ్చినాడు. కథ, చూచిరాత కుదరలేదు. సి షిఫ్టు."

రెండుసార్లు చదివాను. ఎక్కడా కొట్టివేతలు లేవు.

"దీనికి నాకు లెటరు ఇస్తారా సార్?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు గానీ, ఆ నవ్వు సగమే.

"ఇవ్వను. ఏమప్పా, మూడు వారాలు లేనిది ఇప్పుడెందుకు రాసినావు?"

"పోయిన గురువారం నేను టిక్కు మాదిరి అన్నీ కుదిరినాయి అని రాస్తా ఉంటే మావాడు చూసినాడు. 'నాయనా, మంగళారం నువ్వు గురక పెడతా ఉంటివే' అన్నాడు. ఏమి చెప్పేది సార్ వానికి? ఆ షీటు చింపేసి ఇంకొకటి అడుక్కొచ్చి రాసినాను. పదిహేడు ఏండ్ల సర్వీసులో ఖాళీగా ఒక కాయితం ఇచ్చింది ఇదే."

నేను వాడి భుజం పట్టుకున్నాను. వాడికి అర్థం కాలేదు, ఎందుకింత సంబరం అని. ఉద్దనపల్లి తల్లి మాట చెప్పి, ఈ కాగితాన్ని ఆమెకు చూపించవచ్చా అని అడిగాను. నువ్వు ఒద్దంటే చూపించను అని కూడా అన్నాను. వాడు తల గోక్కున్నాడు. "ఆ పాపకు లెటరు పోయింది మా టిక్కుల వల్లనా?" అన్నాడు.

"మన టిక్కుల వల్ల."

"అయితే నేనే వస్తాను సార్. బండి ఉండాది. ఎక్కండి."

నిద్ర లేనివాడి వెనక బండెక్కడం తెలివైన పని కాదు. దారిలో రెండు చోట్ల టీ తాగించి తీసుకుపోయాను. ఆమె తోటలో ఉంది. మమ్మల్ని చూసి గట్టు దిగి వచ్చింది, తడి చేతులు చీరకు తుడుచుకుని షీటు అందుకుంది. నిలబడే చదివింది. వెనక్కి తిప్పి అటువైపు కూడా చూసింది.

"నువ్వేనాప్పా రాసింది?"

"అవునమ్మా."

"నిద్ర పోయినావా?"

"పోయినానమ్మా. రెండు దాకా."

ఆమె గట్టిగా నవ్వేసింది. వాడు కూడా నవ్వాడు, సిగ్గుపడుతూ. నేను మాత్రం నవ్వలేకపోయాను, నా కళ్ళు ఆమె నోటి మీదే ఉన్నాయి.

"పాపా!" అని ఇంటివైపు కేకేసింది. పాప పరుగున వచ్చింది. "రేపు మంగళారం కదా. సార్ కాడ షీటు తీసుకో."

కొత్త షీట్లు బళ్ళో టేబులు మీదే ఉండిపోయాయి. ఆ తొందరలో ఒక్కటి కూడా తేలేదు నేను. తెల్లమొహం వేసుకుని జేబులు తడుముకుంటుంటే, షిఫ్టు ఇన్‌ఛార్జి చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీశాడు. ఆ పొద్దున గేటు దగ్గర టీచరమ్మ వాడి కొడుకు కోసం ఇచ్చినది, పైన పిల్లవాడి పేరు కూడా రాసి ఉంది.

"మాది తీసుకోమ్మా" అన్నాడు. "నేను ఇంకొకటి అడుక్కుంటాను."

పాప దాన్ని పట్టుకుపోయి ఇంటి అరుగు మీద పరిచి, పిల్లవాడి పేరు కొట్టేసి, పక్కన తన పేరు రాసుకుంది.